కొంగు చాటున నా ధర

నేను ఒక పొట్టి ట్రాక్టరును. పొట్టి అన్న మాట నాదే. కంపెనీవాళ్లు ఇంకేదో గొప్ప పేరు రాసి నా నుదుటి మీద అంటించారు గానీ, నేను బతుకుతున్న అనంతపురం జిల్లాలో నన్ను అందరూ చిన్నబండి అంటారు. పెద్ద ట్రాక్టరు పక్కన నిలబెడితే ఆవు పక్కన దూడలా ఉంటానట. అందులో నాకు బాధ లేదు. చీనీ, అంటే బత్తాయి, తోటలో కొమ్మ విరగకుండా, కాయ రాలకుండా రెండు వరసల నడుమ దూరిపోవడం పెద్దవాళ్ల వల్ల కాదు.

నేను పుట్టింది చాలా దూరాన, ఒక పొడవాటి షెడ్డులో. కొక్కేలకు వేలాడుతూ ముందుకు కదిలాను. ఒకచోట నాకు గేర్లు వచ్చాయి, ఒకచోట చక్రాలు, ఇంకొకచోట రంగు. ఇవన్నీ కలలాగా గుర్తున్నాయి. నా లోపల మొదటిసారి డీజిలు మండిన క్షణం మాత్రం కలలా లేదు. అంతవరకు నేను ఉత్త ఇనుమును. ఆ ఒక్క చప్పుడుతో ఇంకేదో అయ్యాను. చుట్టూ పనిచేసేవాళ్లు తల కూడా తిప్పలేదు. వాళ్ల కళ్ల ముందు అలాంటి పుట్టుకలు రోజూ జరుగుతూనే ఉంటాయి. ఈ లోకాన్ని చూసి ఆ రోజు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంతవరకు తగ్గలేదు. తగ్గింది నా ధర ఒక్కటే. ఈ కథ దాని గురించే.

నన్ను కొనడానికి షోరూముకు వచ్చినవాళ్లు పెన్నోబులేసు, ఆయన భార్య ఓబులమ్మ. వాళ్లకు చీనీ తోట ఉంది. పెన్నోబులేసు నా చుట్టూ తిరిగాడు, వంగి కింద చూశాడు, సీటు మీద చేత్తో తట్టాడు. ఎంత బరువు లాగుతానో అడుగుతాడనుకున్నాను. డీజిలు ఎంత తాగుతానో అడుగుతాడనుకున్నాను.

"సరే గానీ, దీన్ని రేపు అమ్మాల్సొస్తే ఎంత పలుకుతాదప్పా?" అన్నాడు.

షోరూము మేనేజరు నవ్వాడు. "ఇంకా కొననే లేదు కదన్నా!"

"కొనకముందే అడగల్ల. కొన్నాక నువ్వు నాకు టీ గుడక ఇయ్యవు."

మేనేజరు ఓపికగా చెప్పుకొచ్చాడు. బండి ఏదైనా మొదటి ఏడాదే ధర ఎక్కువ దిగుతుందన్నాడు. ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. తోటలవాళ్లు వెతుక్కుంటూ వస్తారు కాబట్టి చిన్నబండి పెద్ద బండి అంత దిగదు. సర్వీసు చేయించిన కాగితాలు దాచిపెట్టుకోవాలి. సొంతంగా మార్పులు చేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం గంటల మీటరు. స్టీరింగు ముందు గాజుపెట్టెలో ఉంటుందది. ఇంజను తిరిగినంతసేపూ అందులో అంకెలు కదులుతాయి. రేపు కొనేవాడు మొదట చూసేది వాటినే.

"ఎన్ని చేసినా, మా గేటు దాటగానే ఇది సెకండ్ హ్యాండే అన్నా. అక్కడే కొంత పోతుంది," అని చివర్లో అన్నాడు.

నేను ఆ గేటు వంక చూశాను. మామూలు ఇనప గేటు. అవతలా ఇవతలా ఒకే ఎండ. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి నన్ను బయటికి తోలారు. గేటు దాటాను. ఏమీ జరగలేదు. ఒక మర కూడా ఊడలేదు, ఒక చుక్క కూడా కారలేదు. కానీ పెన్నోబులేసు వెనక్కి తిరిగి గేటును చూసిన చూపులో ఏదో పారేసుకున్న దిగులు ఉంది. కంటికి కనబడని, చేతికి తగలని ఏదో ఒకటి నాలోంచి రాలిపోయిందని అక్కడున్న మనుషులందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలియలేదు. లేనిదాన్ని ఇంత స్పష్టంగా చూడగలిగే జీవులు ఇంకెవరైనా ఉంటారా అని ఆ రోజు నిజంగా అబ్బురపడ్డాను.

మేనేజరు మాటలను పెన్నోబులేసు మనసులో రాసుకున్నాడు. ఇంటి పక్కన నా కోసం రేకుల షెడ్డు వేశాడు. సీటు మీది ప్లాస్టిక్ కవరు తీయనివ్వలేదు. మీటరులో అంకె కదిలితే ధర దిగుతుంది కాబట్టి అంకె కదలకుండా చూసుకోవడమే తన పని అనుకున్నాడు. చీనీ తోట దున్నే రోజు వచ్చినప్పుడు నన్ను షెడ్డులోనే ఉంచి, పక్క ఊరి నుంచి ఎద్దులను బాడుగకు పిలిపించాడు.

గుంటక భుజాన వేసుకుని వచ్చిన ఎద్దులవాడు నన్ను చూసి ఆగిపోయాడు. "ఇదేందన్నా, ఇంట్లో బండి పెట్టుకుని నన్ను పిలిస్తివి?"

"అది వేరే," అన్నాడు పెన్నోబులేసు.

"వేరే అంటే? అది పూజకా?"

ఓబులమ్మ గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "గుళ్లో ఉత్సవ విగ్రహానికైనా ఏడాదికొకతూరి ఊరేగింపు ఉంటాది. దీనికి అదీ లేకపాయె," అంది.

అలా మూడేళ్లు నిలబడ్డాను. రేకుల సందులోంచి చీనీ చెట్లు కనబడేవి. పూత వచ్చేది, పిందె కట్టేది, పొద్దున్నే కోతకు వచ్చినవాళ్ల మాటలు వినబడేవి. నేను చేయాల్సిన పని ఎద్దులు చేసేవి. వాటి మీద నాకు కోపం రాలేదు. మెడ మీద కాడి ఎక్కగానే అవి తలలు వంచి ఒక్కసారిగా కదిలే తీరు చూడటానికే ఎదురుచూసేదాన్ని. ఎవరూ నేర్పకుండా ఆ రెండింటి అడుగులు ఎలా కలుస్తాయో నాకిప్పటికీ అర్థం కాదు.

పెన్నోబులేసు కాపలా కాసిన అంకెలు అలాగే ఉన్నాయి. ధర మాత్రం ఉండలేదు. కంపెనీ నా తర్వాత ఇంకో రకాన్ని తెచ్చింది. దాని ముఖం వేరు, దీపాలు వేరు. నేను షెడ్డులో నిలబడి ఉండగానే ఎక్కడో దూరాన ఎవరో గీసిన బొమ్మ వల్ల పాతదాన్నైపోయాను. కదలని టైర్ల పక్కల చిన్నచిన్న నెర్రెలు వచ్చాయి. బ్యాటరీ నీరసించింది. ఇది చూసి పెన్నోబులేసుకు నిద్ర పట్టలేదు. ఇంకా ఉంచుకుంటే ఇంకా దిగుతుందని, ఉన్నది ఉన్నట్టుగా అమ్మేయాలని తీర్మానించి, బ్రోకరు వన్నూరప్పకు కబురు పెట్టాడు.

వన్నూరప్ప ఒకప్పుడు ఎద్దుల సంతలో బేరాలు చేసేవాడు. సంతకు ఎద్దులు రావడం తగ్గాక ట్రాక్టర్ల బేరాలు మొదలుపెట్టాడు. అలవాట్లు మాత్రం అవే. భుజం మీద తువ్వాలు, నోట్లో ఆకు, చూపులో అనుమానం. నా రేడియేటరు మూత తీసి లోపలికి చూస్తుంటే ఎద్దు పళ్లు చూసినట్టే ఉంది. నన్ను స్టార్ట్ చేయించి, పొగ రంగు చూసి, టైరు నెర్రెలో బొటనవేలి గోరు గుచ్చాడు.

"తిరక్కుండానే ముసలిదయ్యింది కదన్నా," అన్నాడు.

"గంటలు చూడు, గంటలు!" పెన్నోబులేసు గాజుపెట్టెను తన పంచె కొసతో తుడిచాడు. "ఇంత తక్కువ తిరిగిన బండి జిల్లాలో యాడన్నా ఉంటే చూపించు."

"తిరగని కాలు గుడక బిగుసుకుపోతాదన్నా. సర్లే, ఒకామె అడుగుతాంది. రేపు పిల్చుకొస్తా."

ఆ ఒకామె సుంకమ్మ. వచ్చే దారిలోనే తన సంగతంతా వన్నూరప్పకు చెప్పిందట. వచ్చాక ఓబులమ్మకు కూడా చెప్పింది. మజ్జిగ తాగుతూ, గొంతు పెంచకుండా, వేరే ఎవరి విషయమో చెప్పినట్టు చెప్పింది. భర్త బెంగళూరులో గోడలు కడతాడు. ఊళ్లో ఎర్రనేల చేను ఉంది. బావ తిప్పేస్వామి చేను, వీళ్లది పక్కపక్కనే, కాగితాల మీద ఇంకా పంచుకోలేదు. మూడేళ్లుగా సుంకమ్మ వేసిన వేరుశనగ సరిగా మొలవలేదు. వాన పడిన రోజు ఊళ్లోని బాడుగ ట్రాక్టర్లన్నీ ముందు పెద్ద చేలవాళ్లకు పోతాయి. ఆమె వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది.

పదును అంటే ఏమిటో నాకు అప్పుడు తెలియదు. తర్వాత తెలిసింది. వాన కురిసి, నీళ్లు ఇంకి, మన్ను కాలికి అంటుకోకుండా, గుప్పిట పడితే ముద్దయ్యేంత తడితో ఉండే కొద్ది సమయం అది. ఎర్రనేలలో ఒక రోజు ఉంటే ఎక్కువ. విత్తనం అందులో పడిందా, పంట. లేదా, కూలి పోయింది, విత్తనం పోయింది.

"ఈ ఏడు గుడక మొలవకపోతే ఆ నేలంతా సోలార్ ప్లేట్లోళ్లకు ఇచ్చేస్తానంటాండాడు మా బావ. వాళ్లకు రెండు చేని చెక్కలూ కలిపి కావల్లంట. శ్రావణంలో సంతకాలు. ఈ ఒక్క పైరు చూడు బావా అన్న్యా. సరే అన్న్యాడు," అంది సుంకమ్మ. "మేకలన్నీ అమ్మేసినా. సొంత బండి ఉంటే పదునుకు ఇత్తుకుంటా."

ఓబులమ్మ లేచి లోపలికి పోయింది. ఇంకో చెంబు మజ్జిగ తెచ్చింది.

బేరం మొదలైంది. ఎద్దుల సంతలో ధర నోటితో చెప్పరు. బ్రోకరు తువ్వాలు పరుస్తాడు. దాని కింద అమ్మేవాడి వేళ్లూ, కొనేవాడి వేళ్లూ ఒకదాన్నొకటి పట్టుకుని మాట్లాడుకుంటాయి. ఒక్కో వేలికి ఒక్కో విలువ. చుట్టూ ఎంతమంది నిలబడినా ఎవరికీ ఏమీ తెలియదు. వన్నూరప్ప అలవాటుగా తువ్వాలు తీసి, పెన్నోబులేసు చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి సుంకమ్మ వైపు చాపబోయి ఆగిపోయాడు. పరాయి ఆడమనిషి చెయ్యి తువ్వాలు కింద ఎలా పట్టుకుంటాడు?

"నీ తరపున మగోడెవరూ రాలేదామ్మా? మీ బావ?"

"మా బావ ఎందుకొస్తాడు? నేను కొనకూడదని కదా ఆయన చూస్తాండేది."

"మరెట్లమ్మా?"

"ఎట్లంటే? చెయ్యి నాకూ ఉండాది కదా."

వన్నూరప్ప తువ్వాలు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పెన్నోబులేసు గొంతు సవరించుకున్నాడు. అప్పుడు ఓబులమ్మ లేచి వచ్చి, నా ముందు చక్రం పక్కన సుంకమ్మకు ఎదురుగా నిలబడి, తన కొంగును ఇద్దరి చేతుల మీదా కప్పింది.

"ఇట్ల రామ్మా. మా ఆయప్పది చెయ్యి కాదు, ఉడుంపట్టు. నువ్వూ నేనూ చూసుకుందాం."

ఆకుపచ్చ కొంగు కింద రెండు చేతులు. నేను అంత దగ్గర ఉండి కూడా ఏమీ చూడలేకపోయాను. ఓబులమ్మ కళ్లు సుంకమ్మ కళ్లలో ఉన్నాయి. కొంగు ఒకచోట కొంచెం లేచింది. సుంకమ్మ తల అడ్డంగా ఊపింది. కొంగు మళ్లీ కదిలింది. ఇద్దరి ముఖాల్లోనూ మాట లేదు.

"ఏమే, ఎన్ని వేళ్లు పట్టుకున్న్యావే?" అన్నాడు పెన్నోబులేసు, ఆత్రం ఆపుకోలేక.

"ఊరుకో. బేరం నడస్తాంది."

"నా బండి కదే!"

"మూడేండ్లు నీదే కదా. ఏం జేస్తివి?"

వన్నూరప్ప పక్కకు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు. కాసేపటికి కొంగు కింద కదలిక ఆగింది. సుంకమ్మ కళ్లు తడిగా మెరిశాయి. ఓబులమ్మ కొంగు తీసి భుజాన వేసుకుంది.

"మా కొట్టంలో ఇది నిలబడి దిగింది. నీ చేన్లో తిరిగి దిగితే దిగనీ," అంది.

నన్ను చేసినవాళ్లు నా ధర రాశారు. షోరూములో ఇంకో ధర చెప్పారు. కొత్త రకం వచ్చి దాన్ని చెరిపేసింది. కానీ ఆ మధ్యాహ్నం ఆ కొంగు చాటున నాకు కట్టిన ధర ఎంతో నాకు ఈనాటికీ తెలియదు. ఒకామె వేళ్లు ఇంకొకామె వేళ్లకు చెప్పిన మాట అది. నన్ను గురించే అయినా నాకు వినబడనంత మెల్లగా చెప్పుకున్నారు. తెలియకపోవడం కూడా ఒక గొప్పగా అనిపించింది.

అన్నీ అయ్యాక చిన్న చిక్కు వచ్చింది. ఆ వైపు పశువును అమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నవాళ్లే కొత్త తాడు తెచ్చి కట్టుకుపోవాలి. పలుపు కూడా ఇస్తే కొట్టంలోని కళ వెంట పోతుందంటారు. సుంకమ్మ తాళంచెవికి చెయ్యి చాపితే, ఓబులమ్మ దాన్ని గుప్పిట్లో బిగించింది.

"పలుపు ఇయ్యకూడదు కదమ్మా," అంది, తనకే ఇబ్బందిగా ఉన్నట్టు.

"అది తాళంచెవి కదక్కా. అది ల్యాకుండా బండి కదల్దు."

"పలుపు ల్యాకుండా ఎద్దు మాత్రం కదుల్తాదా? అయినా ఇయ్యరు కదా."

ఇంతసేపూ ధరలో ఎంతైనా తగ్గిన మనిషి ఇక్కడ అంగుళం కదల్లేదు. సుంకమ్మ కూడా అది తప్పనలేదు. ఆమె ఇంట్లోనూ అదే ఆచారం మరి. అందరూ వన్నూరప్ప వంక చూశారు. ఆయన ఆకు ఉమ్మేసి, చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. తాళంచెవి ఎద్దు నోరు లాంటిది, అది బండితోనే పోవాలి. తాళంచెవిని పట్టుకున్న రింగు మాత్రమే పలుపు. ఓబులమ్మ వెంటనే రింగు తీసి నడుముకు దోపుకుంది. సుంకమ్మ తన జడలోని నల్లదారం తెంపి తాళంచెవికి కట్టింది. ఇద్దరికీ మనసు కుదుటపడింది. నేను కొత్త ఇంటికి బయలుదేరాను.

సుంకమ్మకు నన్ను తోలడం రాదు. నేర్పడానికి వచ్చింది ఎవరనుకున్నారు? పెన్నోబులేసే. అమ్మేశాక ఆయనకు నన్ను చూడకుండా ఉండటం చేతకాలేదు. ఏదో పని ఉన్నట్టు మోటారు సైకిలు మీద వచ్చేవాడు, దూరంగా నిలబడేవాడు, సుంకమ్మ గేరు వేసినప్పుడు కర్రుమంటే పళ్లు కొరుక్కునేవాడు. చివరకు ఒకరోజు ఆగలేక వచ్చి పక్కన నిలబడ్డాడు.

"క్లచ్చు మీంచి కాలు ఎత్తమ్మా! అట్ల తొక్కిపెట్టుకుంటే ప్లేట్లు అరిగిపోయి ధర పోతాది."

"ధర నీదా నాదా?"

"నీదే. అయినా ఆ చప్పుడు వింటే నా కడుపులో మండుతాది."

అలా ఆయన తిడుతూ, ఆమె నవ్వుతూ నేర్చుకుంది. మూడేళ్లలో ఆయన నన్ను ఎక్కింది తక్కువ. ఇప్పుడు నేర్పడానికని ఎక్కి, పొలం గట్టు దాకా పోయి వచ్చేవాడు. దిగేటప్పుడు ఆయన ముఖంలో ఎంతో ఇష్టం, కొంచెం సిగ్గు. ఆయనను చూస్తే నాకు జాలి వేసేది. నన్ను పోగొట్టుకుంటానన్న భయంతోనే దగ్గర ఉన్నన్నాళ్లూ నన్ను పోగొట్టుకున్నాడు.

తిప్పేస్వామి రోజూ అదే దారిన పోయేవాడు. చెడ్డవాడు కాదు. వానలను నమ్మి నమ్మి విసిగినవాడు.

"ఏం సుంకమ్మా, ఈ ఇనుము అమ్మితే నీ మేకలు తిరిగొస్తాయా?"

"మేకలు ఇత్తనమేస్తాయా బావా?"

"వాన పడల్ల కదా ముందు."

అదీ నిజమే. ఆకాశం తెల్లగా ఉండేది. సుంకమ్మ విత్తనం కాయ ఒలిచి సంచిలో పెట్టుకుంది. నన్ను దున్నడానికి తోలి, దున్నిన నేలను మళ్లీ మళ్లీ చూసేది. రోజూ మబ్బు వచ్చేది, గాలి వచ్చి దాన్ని ఎత్తుకుపోయేది. తిప్పేస్వామి ఫోనులో ప్లేట్ల కంపెనీ మనిషి మాటలు గట్టిగా వినబడేవి. శ్రావణం దగ్గరపడింది.

ఒక మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. కోళ్లు చూరు కిందికి చేరాయి. తర్వాత పడింది వాన. నేను వానను అంతకుముందు రేకుల మీద చప్పుడుగానే ఎరుగుదును. మొదటిసారి అది నా ఒంటి మీద పడింది. బానెట్ మీద పడిన ప్రతి చుక్కా ఆవిరయ్యింది, తర్వాత ఆవిరి కావడం మానేసింది. నేల వాసన లేచింది. ఎండకు పగిలి నోరు తెరుచుకున్న అంత పెద్ద నేల, ఎటు చూసినా నేలే, ఒక్క మాట లేకుండా తాగుతూ ఉంది. ఎవరు పంపారో, ఎంతకు పంపారో తెలియదు. సుంకమ్మ వాకిట్లో తడుస్తూ నిలబడి ఉంది. నవ్వడం లేదు, ఏడవడం లేదు. వాన ఎంత లోతు దిగుతోందో పాదాలతో వింటున్నట్టుగా ఉంది.

మరునాడు తెల్లవారేసరికి ఊరంతా చేలల్లోనే. ఎక్కడ చూసినా వంగి మన్ను పట్టి చూసేవాళ్లే. సుంకమ్మ నాకు విత్తే గొర్రు తగిలించింది. గొర్రు వెనక పలక మీద కూర్చుని గొట్టాల్లోకి గింజలు వదలడానికి ఇద్దరు ఆడవాళ్లు కొంగులు బిగించుకుని సిద్ధంగా ఉన్నారు. అప్పుడే వన్నూరప్ప మోటారు సైకిలు వచ్చి గట్టున ఆగింది. వెనక తెల్లచొక్కా వేసుకున్న ఒక రైతు ఉన్నాడు. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చాడు. ఆయన ట్రాక్టరు పదునులో గేరుబాక్సు విరిగి నిలిచిపోయిందట.

ఈసారి వన్నూరప్ప తువ్వాలు తీయలేదు. అంత తీరిక లేదు. నోటితోనే గట్టిగా ధర అరిచాడు. నాకు అంకెల సంగతి తెలియదు గానీ, గట్టున నిలబడి ఉన్న తిప్పేస్వామి చేతిలోని వేపపుల్ల కింద పడటం చూశాను.

"కొన్నదాని మీద ఇంత ఎక్కువొస్తాంటే ఇంకా ఏం కావల్ల సుంకమ్మా?" అన్నాడు. "ఇచ్చెయ్. మేకలు కొనుక్కో. ఇంత ధర మళ్లీ రాదు."

నన్ను చూడటానికి అప్పటికే వచ్చి ఉన్న పెన్నోబులేసు తల పట్టుకున్నాడు. "నా దగ్గర ఉన్నన్నాళ్లూ దిగింది. ఈడికొచ్చి ఎక్కిందా!"

నాకూ అదే వింత. నా టైర్లలో అవే నెర్రెలు. మీటరులో అంకెలు ఇంకా పెరిగాయి. ఒక పక్క కంపచెట్టు గీసిన గీత కూడా ఉంది. ఏమీ మారలేదు, నిన్న వాన పడింది అంతే. నా ధర నాలో లేదని, ఎప్పుడూ నాలో లేదని, అది ఆకాశంలోనో మన్నులోనో ఎక్కడో తిరుగుతూ ఉంటుందని ఆ పొద్దున నాకు తెలిసింది.

సుంకమ్మ వంగి, మన్ను తీసి, గుప్పిట బిగించి తెరిచింది. ముద్ద విడిపోలేదు. ఆ చెయ్యి అలాగే తిప్పేస్వామి ముందు పెట్టింది.

"ఎల్లుండి ఈయప్ప నాకెంతిస్తాడో అడుగు బావా. ఎల్లుండికి ఇది ఆరిపోతాది. ధర గుడక ఆరిపోతాది." తెల్లచొక్కా రైతు వైపు తిరిగింది. "మీది యా నేలన్నా?"

"నల్లనేల."

"నల్లనేల రేపు గుడక పదునుంటాది. మాది ఎర్రది, ఈ పొద్దే. రేపు తెల్లారేసరికి మీ చేన్లో ఉంటా, బాడుగియ్యి. బండి మాత్రం అమ్మను."

ఆ రైతు వన్నూరప్ప వంక చూశాడు. "ఆడమనిషి వచ్చి నా చేను ఇత్తుతాదా?"

పలక మీద కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె అందుకుంది. "లేకపోతే మగోళ్లంతా ఈ పొద్దు నీకోసం ఖాళీగా ఉండారా సామీ?"

ఆయనకు నవ్వొచ్చింది. సరేనన్నాడు.

సుంకమ్మ ఎక్కి తాళంచెవి తిప్పింది. నేను టిక్కుమన్నాను, అంతే. ఎన్నాళ్లో నిలబడి నీరసించిన బ్యాటరీ సమయం చూసి పడుకుంది. ఆమె మళ్లీ తిప్పింది. మళ్లీ టిక్కు. నాకు అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు. ఎండ అప్పుడే ఎక్కుతోంది, తడి నేల మీద ఆవిరి లేస్తోంది.

"నూకల్ల!" అంటూ పెన్నోబులేసు ముందుగా వచ్చి నా వెనక భుజం పెట్టాడు. పలక మీది ఆడవాళ్లు దిగి గొర్రు ఊడదీశారు. వన్నూరప్ప తువ్వాలు నడుముకు చుట్టాడు. తెల్లచొక్కా రైతు కూడా చేతులు వేశాడు. రేపు తన చేనికి రావాలి కదా. నేను కదిలాను గానీ గట్టు ఎగుడు దగ్గర ఆగిపోయాను. అందరూ రొప్పుతున్నారు.

సుంకమ్మ వెనక్కి తిరిగి చూసింది. పిలవలేదు. తిప్పేస్వామి ఒక్కడే పక్కన నిలబడి ఉన్నాడు. నేను కదలకపోతే ఆయన అనుకున్నదే జరుగుతుంది. ఒక్క పూట ఊరికే నిలబడితే చాలు. ఆయన నేల వంక చూశాడు. లేస్తున్న ఆవిరిని చూశాడు. పదును కళ్ల ముందు ఆరిపోతుంటే చూస్తూ నిలబడటం ఆ మనిషి వల్ల కాలేదు. ఎంత విసిగినా రైతే మరి. తలగుడ్డ బిగించి వచ్చి నా టైరు మీద రెండు చేతులూ వేశాడు.

"గేర్లో వెయ్ సుంకమ్మా, క్లచ్చు వదలద్దు. నేను చెప్పినాక వదులు. ఆ... ఇప్పుడు!"

నా లోపల నిప్పు అంటుకుంది. ఫ్యాక్టరీలో మొదటిసారి మండినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

గొర్రు మళ్లీ తగిలించి ఆ రోజు పొద్దుగూకేదాకా విత్తాం. సుంకమ్మ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ముందు సాలు వంకర పోతే అన్నీ వంకర పోతాయట. వెనక పలక మీది ఆడవాళ్ల వేళ్ల సందుల్లోంచి గింజలు గొట్టాల్లోకి ఆగకుండా జారుతూనే ఉన్నాయి, నేల తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. చేను చివర చేరేసరికి మొదట్లో విత్తినచోట మన్ను రంగు మారి ఆరిపోతోంది. ఆరనీ. గింజ అప్పటికే తడిలో ఉంది. మరునాడు మాట ప్రకారం నల్లనేల కూడా విత్తాం.

నా ధర మళ్లీ దిగిందని వన్నూరప్ప తర్వాత ఎప్పుడో చెప్పాడు. దిగుతుంది. వచ్చే ఏడు ఇంకా దిగుతుంది. ఏదో ఒక రోజు నన్ను విడదీసి తూకానికి వేస్తారు, అదీ తెలుసు. నాకు దాని మీద దిగులు లేదు.

కొన్నాళ్లకు ఒక వేకువ సుంకమ్మ నన్ను చేను గట్టు మీదుగా తోలుకుపోతుంటే, తిప్పేస్వామి అప్పటికే అక్కడ గొంతుకూర్చుని ఉన్నాడు. ఆమె ఇంజను ఆపింది.

"ఏం బావా, పొద్దున్నే?"

ఆయన తల ఎత్తలేదు. "ప్లేట్లోళ్లు ఫోన్ చేసినారు."

సుంకమ్మ సీటు మీదే ముందుకు వంగింది. "ఏమన్న్యావు?"

"మొలక లేసింది, ఇప్పుడు మాటాడేది ల్యా అన్న్యా." నేల మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు, "మళ్లా పడే వానకు నా చెక్క గుడక ఇత్తిస్తావా?"

"ఇత్తిస్తా. యా చేను ముందు ఆరుతాదో దానికే ముందు. బావ అని ముందరేసేది ల్యా."

"నాది పల్లంలో ఉండాది. ఆరేది ఆలస్యం."

"అయితే నువ్వు చివర."

తిప్పేస్వామి నవ్వాడు. ఆయన నవ్వు నేను వినడం అదే మొదలు. నవ్వుతూనే వేలితో ఒకచోట చూపించాడు. వాన తర్వాత ఎండకు బిగుసుకున్న మన్ను పెచ్చు ఒకటి, అరచెయ్యంత ఉంటుంది, నేల మీద నుంచి లేచి ఉంది. దాని కింద ఒక మొలక, తెల్లగా, వంగిన మెడతో, ఆ పెచ్చును నెత్తిన మోస్తోంది. నా బలం ఎన్ని గుర్రాలదో నా ఒంటి మీదే రాసి ఉంది. ఆ మొలక మీద ఏమీ రాసి లేదు.

పెచ్చు మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. ముడుచుకున్న నాలుగు చిన్న ఆకులు బయటపడ్డాయి. వేరుశనగ ఆకులు పొద్దెక్కేకొద్దీ విచ్చుకుంటాయి. పక్క చేనువాళ్లు దూరం నుంచి రమ్మని చెయ్యి ఊపుతున్నారు. సుంకమ్మ నన్ను స్టార్ట్ చేయలేదు. ఎండ ఆ ఆకుల మీదికి వచ్చేదాకా ముగ్గురం అక్కడే ఉండిపోయాం.